పిలిస్తే వచ్చే బండి: కోత ఎక్కడ పడుతుంది?

అమెరికాలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లను అడిగి చూడండి. ఇల్లు బావుంది, మనవడు బావున్నాడు, పిల్లలు ఆఫీసులకు వెళ్లాక మాత్రం గడప దాటే దారి లేదంటారు. గుడి ఐదు మైళ్లు, ఇండియన్ స్టోర్ మూడు మైళ్లు. చాలాచోట్ల రోడ్డు పక్కన కాలిబాట ఉండదు. బస్సు ఉంటే గంటకొకటి, అదీ మనం వెళ్లాల్సిన వైపు కాదు. అక్కడి లైసెన్సు లేదు కాబట్టి కారు ముట్టుకోలేరు. ఊబర్ ఛార్జీని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక ప్రయాణం మీద మనసే పోతుంది.

నార్త్ కరోలినాలో మనవాళ్లు బాగా ఉన్న మోరిస్‌విల్ పట్టణం 2021 అక్టోబరులో స్మార్ట్ షటిల్ పేరుతో ఓ చిన్న బండిని రోడ్డెక్కించింది. దానికి రూటు లేదు, టైమ్‌టేబుల్ లేదు. అడిగితే వస్తుంది, అటే వెళ్లేవాళ్లు ఇంకెవరైనా ఉంటే దారిలో ఎక్కించుకుంటుంది. టికెట్ లేదు. ఒక్కటే షరతు: ఊళ్లో ఎంపిక చేసిన కొన్ని స్టాపుల దగ్గరే ఎక్కాలి, అక్కడే దిగాలి. చిన్నగా కనిపించే ఆ షరతు ఎందుకు పెట్టారో అర్థం చేసుకుంటే, ఇలాంటి సర్వీసుల కథ సగం అర్థమైనట్టే.

అమెరికాలో దీన్ని మైక్రోట్రాన్సిట్ అంటున్నారు. నడిపించేది నగరపాలకులో రవాణా సంస్థో. సాఫ్ట్‌వేర్, తరచుగా వ్యాన్లూ డ్రైవర్లూ కూడా, వయా లాంటి ప్రైవేటు కంపెనీలవి. వాడకం సులువే. ఎక్కే చోటు, దిగే చోటు యాప్‌లోనో ఫోన్‌లోనో చెప్తే, ఆ సమయానికి తిరుగుతున్న వ్యాన్లలో ఏది తక్కువ చుట్టుతో రాగలదో సాఫ్ట్‌వేర్ లెక్కేసి దాన్ని పంపుతుంది. ఇన్ని నిమిషాల్లో వస్తుంది, ఫలానా మూల దాకా నడవండి అని కబురొస్తుంది. గుమ్మం దాకా రాకపోవడం కావాలని పెట్టుకున్న పద్ధతే. ప్రతి సందులోకీ తిరిగితే వ్యానులో ఉన్న మిగతావాళ్ల సమయం కరిగిపోతుంది. నడవలేనివాళ్ల కోసం చాలా ఊళ్లు ఈ నియమాన్ని సడలిస్తాయి. ఎక్కాక బండి తిన్నగా పోతుందన్న హామీ లేదు. ఒకామె డయాలసిస్ సెంటర్ దగ్గర ఎక్కుతుంది, ఒక కుర్రాడు గోడౌన్‌లో నైట్ షిఫ్టుకు దిగుతాడు. పది నిమిషాల దారి ఇరవై దాటుతుంది. అలవాటైనవాళ్లు ఆ తేడాను ముందే కలుపుకుని బుక్ చేసుకుంటారు. డాక్టర్ అపాయింట్‌మెంటుకు ఇది సరిపోతుంది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే జీతం కోసే ఉద్యోగానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం కష్టం.

స్మార్ట్‌ఫోన్‌తో పుట్టిన ఆలోచన ఇదని కంపెనీల ప్రచారం చూస్తే అనిపిస్తుంది. నిజానికి ఐఫోన్‌కు ముప్పై అయిదేళ్ల ముందే అమెరికాలో డయల్-ఎ-రైడ్ వ్యాన్లు తిరిగాయి. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో 1971లో ప్రయోగం మొదలైంది. అది నచ్చి, 1973లో ఓటర్లు ఆస్తిపన్ను పెంచుకుని మరీ ఊరంతటికీ కావాలన్నారు. న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్‌లో 1972లో కేంద్రప్రభుత్వ నిధులతో, రైల్వే స్టేషన్‌కు చేర్చే బండ్లుగా నడిచాయి. అందరికన్నా పెద్ద సాహసం చేసింది కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ, ఇవాళ మనం సిలికాన్ వ్యాలీ అంటున్న ప్రాంతమే. 1974 నవంబరులో కౌంటీ మొత్తానికీ ఫోన్ చేస్తే బండి అన్నారు. ఫోన్లు వెల్లువెత్తాయి. లైను దొరకడమే గగనమైంది. టాక్సీ కంపెనీలు తమ పొట్ట కొట్టారని కోర్టుకెళ్లాయి. 1975 మే నాటికి దుకాణం కట్టేశారు. బండి ఎక్కలేకపోయినవాళ్లకు అప్పట్లో వినిపించింది ఫోన్ ఎంగేజ్ మోత. ఇప్పుడు అదే జవాబు స్క్రీన్ మీద మర్యాదగా వస్తుంది: ప్రస్తుతం సీట్లు లేవు, కాసేపాగి ప్రయత్నించండి.

అప్పటి వైఫల్యానికి కంప్యూటర్లు బలహీనంగా ఉండటమే కారణమని ఈ రంగంలోని కంపెనీలు చెప్తుంటాయి. అందులో కొంత నిజముంది. వందల కోరికలను పదుల బండ్లకు పంచే లెక్క చేత్తో తేలేది కాదు. ఇప్పుడది సెకన్లలో తేలుతుంది. అయితే కంప్యూటర్ మార్చలేనిది ఒకటుంది: డ్రైవరు గంట. అమెరికా, కెనడా, యూరప్‌లలో ఏ రవాణా సంస్థ ఖర్చు చూసినా సింహభాగం జీతాలదే. నలభై సీట్ల బస్సులో పదిమంది ఉంటే, పదకొండో మనిషి ఎక్కడం వల్ల సంస్థకు పడే అదనపు ఖర్చు దాదాపు సున్నా. బస్సు నిండేకొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. పిలిస్తే వచ్చే వ్యాన్ అలా కాదు. ప్రతి కొత్త మనిషీ ఒక కొత్త మలుపు, ఒక కొత్త ఆగడం, ఇంకొన్ని నిమిషాల డ్రైవరు సమయం. ఇక్కడ ముందుగా అయిపోయేది సీట్లు కావు, గడియారం. అందుకే అమెరికాలో ఇలాంటి వ్యాన్లు గంటకు ఇద్దరి నుంచి ఐదుగురిని మోస్తేనే బాగా నడుస్తున్నట్టు లెక్క. మంచి సిటీ బస్సు ఆ గంటలో అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. రవాణా నిపుణుడు జారెట్ వాకర్ ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఇదే. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఆయన మాట రుచించదు. కానీ ఈ కూడిక తప్పని చూపినవాళ్లెవరూ నాకు కనబడలేదు.

దీంట్లోంచి ఒక విచిత్రమైన ఫలితం పుడుతుంది. జనం రాకపోతే సర్వీసు పరువు పోతుంది. వస్తే ఖజానా పోతుంది.

మొదటిదానికి కాన్సాస్ సిటీ ఉదాహరణ. 2016 మార్చిలో బ్రిడ్జ్ అనే కంపెనీతో కలిసి అక్కడి రవాణా సంస్థ ఫోర్డ్ వ్యాన్లు నడిపింది. సుమారు 15 లక్షల డాలర్ల ప్రయోగం. ఏడాదిలో జరిగిన ప్రయాణాలు 1,480. అంటే ఒక్కో ప్రయాణానికి వెయ్యి డాలర్లు. కొన్ని పేటలకే, ఉదయం సాయంత్రం కొన్ని గంటలకే పరిమితం చేయడంతో జనానికి అది ఉందన్న సంగతే సరిగా తెలియలేదు. మరుసటి ఏడాది ఆ కంపెనీయే మూతపడింది.

రెండోదానికి కెనడాలోని ఇనిస్‌ఫిల్. ఒంటారియోలో పల్లెలూ పేటలూ కలగలిసిన ఊరు. ఒక బస్సు తిప్పితే ఏడాదికి 2,70,000 డాలర్లవుతుందని తేలాక, 2017 మేలో ఊబర్‌తో ఒప్పందం చేసుకున్నారు. లైబ్రరీకో రైల్వే స్టేషన్‌కో మూడు నుంచి ఐదు డాలర్లిస్తే చాలు, మిగతాది పట్టణం కడుతుంది. జనానికి నచ్చింది. ఎంత నచ్చిందంటే 2018లో పట్టణం వాటా ఆరు లక్షలు దాటింది. 2019లో ఛార్జీ ఒక డాలరు పెంచి, మనిషికి నెలకు 30 ప్రయాణాలే అని పరిమితి పెట్టారు. రోజూ ఉద్యోగానికి వెళ్లి వచ్చేవాళ్లకు ముప్పై ప్రయాణాలంటే పదిహేను రోజులు. నెలలో మిగిలిన రోజులకు వాళ్లేం చేయాలి? బస్సులో సీటున్నంత కాలం నువ్వు ఈ నెల ఎక్కువసార్లు ఎక్కావు, దిగు అనే కండక్టరు ప్రపంచంలో ఎక్కడా ఉండడు.

నా దృష్టిలో కోత ఎక్కడ పడుతుందన్నదే ఈ సర్వీసులన్నిటినీ కొలవాల్సిన కొలబద్ద. డబ్బు ఎక్కడైనా పరిమితమే కాబట్టి ఎక్కడో ఒకచోట కోత తప్పదు. శాంటా క్లారాలో అది ఫోన్ లైన్ల మీద పడింది. ఇనిస్‌ఫిల్‌లో ప్రయాణాల సంఖ్య మీద పడింది. మోరిస్‌విల్ దాన్ని స్టాపుల ఎంపికలో ముందే పెట్టుకుంది. కాస్త నడవండి, బదులుగా ఉచితంగా తీసుకెళ్తానంటోంది. నాకు ఈ చివరిదే నిజాయితీగా అనిపిస్తుంది. కోత ఎంతో, ఎవరి మీదో ప్రయాణికుడికి ముందే తెలుసు.

హెల్సింకీ కథ వేరే రకం. కుత్సుప్లస్ పేరుతో 2012లో అక్కడి ప్రాంతీయ రవాణా సంస్థే మినీబస్సులు దింపింది, ఆల్టో విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధన దానికి పునాది. అలాంటి మిగతా ప్రయోగాల కన్నా సాంకేతికంగా ముందుంది, వాడినవాళ్లు మెచ్చుకున్నారు. కానీ అంత నగరానికి ఉన్న బండ్లు 15. ఒకే సమయంలో ఒకే వైపు వెళ్లేవాళ్లు కలవాలంటే బండ్లూ జనమూ ఎన్నో రెట్లు పెరగాలి. పెరగాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు పెట్టే ధైర్యం అక్కడి నగరపాలకులకు లేకపోయింది. 2015 డిసెంబరు 31న ఆపేశారు. ఇంకొన్నేళ్లు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. లండన్‌లో సటన్, ఈలింగ్ పేటల ప్రయోగాలు కరోనా కాలంలో ముగిశాయి. బెర్లిన్‌లో 2018లో మొదలైన బెర్ల్‌కోనిగ్ 2022లో ఆగిపోయింది. దట్టమైన మెట్రో, ట్రామ్, బస్సు ఉన్న నగరాల్లో ఈ వ్యాను ఎవరి అవసరం తీరుస్తుందన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకలేదు.

జవాబు దొరికిన ఊళ్లూ ఉన్నాయి. నార్త్ కరోలినాలోనే విల్సన్ అనే యాభై వేల జనాభా పట్టణం 2020 సెప్టెంబరులో తన రూటు బస్సులన్నీ ఆపేసి, వాటి స్థానంలో వయా వ్యాన్లు పెట్టింది. అంతకుముందు బస్సు గంటకొకటి వచ్చేది, ఊళ్లో సగం చోట్లకు వెళ్లేది కాదు. గంటకొక బస్సును నమ్ముకుని ఎవరూ ఉద్యోగానికి వెళ్లరు. కాబట్టి అక్కడ పోటీ పడింది చక్కగా నడిచే బస్సుతో కాదు, చావలేక బతుకుతున్న బస్సుతో. జనం బాగా పెరిగారు. డాలరున్నర టికెట్ తర్వాత రెండున్నర డాలర్లయింది, అంటే కోత ఛార్జీ మీద పడింది. అయినా ఆ ఊరివరకు ఇది మంచి నిర్ణయమనే నేనంటాను.

మనవాళ్లకు బాగా తెలిసిన ఆర్లింగ్టన్ ఇంకా ఆసక్తికరం. డాలస్‌కూ ఫోర్ట్ వర్త్‌కూ మధ్య దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న నగరం. అక్కడి టెక్సస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు కొల్లలు. డాలస్ కౌబాయ్స్ ఆడే మహా స్టేడియం ఉంది, బస్సుల వ్యవస్థ మాత్రం లేదు. రవాణా పన్ను ప్రతిపాదనలను ఓటర్లు 1980లో, 1985లో, మళ్లీ 2002లో తిరస్కరించారు. చివరికి ఉన్న ఒకే ఒక్క బస్సు రూటునూ ఆపేసి, 2017 డిసెంబరులో నగరం వయా వ్యాన్లు తెచ్చింది. 2021 నాటికి ఊరంతా విస్తరించాయి. అప్పట్లో ఛార్జీ దూరాన్ని బట్టి మూడు నుంచి ఐదు డాలర్లు. ఎఫ్-1 వీసా మీద వచ్చి, పాత కారు కొనడానికి కూడా డబ్బు కూడని మొదటి సెమిస్టరు కుర్రాడికి ఇది పెద్ద ఆసరా. గదిలో నలుగురూ కలిసి వాల్‌మార్ట్‌కు వెళ్లి బియ్యం బస్తా తెచ్చుకోవచ్చు. అదే సమయంలో, నాలుగు లక్షల మంది ఉన్న నగరంలో ముఖ్యమైన రెండు మూడు రోడ్ల మీద పావుగంటకొక బస్సు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నను ఈ వ్యాన్లు వెనక్కి నెట్టేశాయి. రవాణా ఉందిగా అని చెప్పుకోవడానికి నగరానికి ఒక జవాబు దొరికింది. ఈ సర్వీసులు చేసే నష్టాల్లో పైకి కనబడనిది ఇదేనని నా అనుమానం.

లాస్ ఏంజెలెస్ పెద్ద పర్సుతో దిగింది. 2020 డిసెంబరులో మెట్రో మైక్రో మొదలుపెట్టి, చాలాకాలం ఒక్క డాలరుకే తిప్పింది. ఒక దశలో ఒక్కో ప్రయాణానికి సంస్థకు సుమారు 42 డాలర్లు ఖర్చవుతోందని లెక్క తేలింది. అది కూడా, నిలబడ్డానికి చోటు లేని బస్సులు తిరిగే నగరంలో. ఆ 42 డాలర్లతో కిక్కిరిసిన రూటుకు అదనపు బస్సు వేస్తే ఎంతమంది పనివాళ్లు గంట ముందు ఇల్లు చేరేవారో ఊహించుకోండి. విల్సన్‌లో న్యాయమైనది లాస్ ఏంజెలెస్‌లో అన్యాయమయ్యే చోటు ఇదే.

మధ్యేమార్గం ఒకటుంది, నాకు బాగా నచ్చేదీ అదే: వ్యాన్‌ను రైలుకు తోడుగా మాత్రమే వాడటం. సియాటిల్ ప్రాంతంలో కింగ్ కౌంటీ 2019లో ఇళ్ల నుంచి లైట్ రైల్ స్టేషన్లకు చేర్చే సర్వీసు పెట్టింది. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్లేనోలో డాలస్ ప్రాంత రవాణా సంస్థ గోలింక్ పేరుతో 2018లో ఇలాంటి పనే మొదలుపెట్టింది. అందరి గమ్యం ఒకే స్టేషన్ అయినప్పుడు దారులు కలుస్తాయి, వ్యాన్ నిండుతుంది, డ్రైవరు గంటకు విలువ పెరుగుతుంది. దూరమంతా రైలు మోస్తుంది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఎవరు ఎక్కడికంటే అక్కడికి అనే ప్రలోభాన్ని పక్కన పెట్టినచోటే ఈ పద్ధతి కాళ్ల మీద నిలబడుతోంది.

వికలాంగుల సంగతి విడిగా చెప్పాలి. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం, బస్సు రూటుకు ముప్పావు మైలు లోపు ఉండి ఆ బస్సు వాడలేని వికలాంగులకు విడిగా బండి పంపే బాధ్యత రవాణా సంస్థలదే. ఆ బండిని సాధారణంగా ముందు రోజే బుక్ చేసుకోవాలి. దాంతో పోలిస్తే అప్పటికప్పుడు వచ్చే వ్యాన్ స్వేచ్ఛ కిందే లెక్క. రేపు మధ్యాహ్నం మూడింటికి నాకు ఒంట్లో ఎలా ఉంటుందో ఇవాళే ఎలా చెప్పను అనే వృద్ధురాలికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు ఇదంతా చదివితే నవ్వొస్తుంది. పంచుకునే బండి మనకు కొత్తా? మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, బెంజ్ సర్కిల్, గాజువాక, ఎక్కడ నిలబడ్డా షేర్ ఆటో ఉంది. సబ్సిడీ లేదు, యాప్ లేదు, టెండరు లేదు. మరి అమెరికాలో 42 డాలర్ల పని ఇక్కడ ఇరవై రూపాయలకు ఎలా అవుతోంది? జీతాల తేడా ఒక్కటే కారణం కాదు. షేర్ ఆటో సందుల్లోకి రాదు, మెయిన్ రోడ్డు మీదే తిరుగుతుంది. నిండే దాకా కదలదు. డ్రైవరుకు అటూ ఇటూ కూడా మనుషులు కూర్చుంటారు. అంటే కోత మన ఒంటి మీద, మన సమయం మీద పడుతోంది. రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా ఎక్కాల్సిన ఆడపిల్ల దాన్ని భయం రూపంలో కూడా చెల్లిస్తోంది.

చట్టం కూడా అడ్డే. 1988 మోటారు వాహనాల చట్టం కిరాయి బండ్లను రెండుగా విడదీసింది. విడివిడి ఛార్జీలు తీసుకుంటూ దారిపొడవునా ఎక్కించుకుని దించే హక్కు స్టేజ్ క్యారేజ్‌కే ఉంది, అది ప్రధానంగా ఆర్టీసీ బస్సులది. కాంట్రాక్ట్ క్యారేజ్ అయితే మొత్తంగా మాట్లాడుకున్న బండి, దారిలో కొత్తవాళ్లను ఎక్కించుకోకూడదు. 2017లో కర్ణాటక రవాణా శాఖ ఊబర్, ఓలాల షేరింగ్ సర్వీసులు చట్టవిరుద్ధమన్నది ఈ తేడా ఆధారంగానే. మన షేర్ ఆటోలు అదే తేడాకు అటూ ఇటూ, పోలీసు చూసీ చూడనట్టు వదిలేసే నీడలో బతుకుతున్నాయి. ఆ నీడలో బీమా సరిగా వర్తించదు, ఫిర్యాదు చేయడానికి దిక్కుండదు.

పిలిస్తే వెళ్లడం ఆర్టీసీకీ కొత్తేం కాదు. పల్లెవెలుగు చెయ్యెత్తితే ఆగుతుంది. జాతరలప్పుడు ముప్పై మంది ఒకచోట చేరితే మీ కాలనీకే బస్సు పంపుతామని ప్రకటించిన సందర్భాలున్నాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి, ఆటోవాళ్లు గిరాకీ పోయిందని రోడ్డెక్కారు. శాంటా క్లారా టాక్సీవాళ్ల గొడవే, యాభై ఏళ్ల తర్వాత మన వీధిలో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తోంది. సాయంగా ఇచ్చే ఆ డబ్బునే పనికిచ్చే డబ్బుగా మార్చి, నమోదైన షేర్ ఆటోలను కాలనీల నుంచి రైల్వే స్టేషన్లకో బస్టాండ్లకో నిర్ణీత సమయాల్లో తిప్పమని అడిగితే? కొత్తగా వ్యాన్లు కొనక్కర్లేదు. బండి ఉంది, డ్రైవరున్నాడు, దారి ఆయనకు సాఫ్ట్‌వేర్ కన్నా బాగా తెలుసు. లేనిది గుర్తింపు, ఒప్పందం, జవాబుదారీతనం.

కిక్కిరిసిన రూట్ల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. అక్కడ కావాల్సింది ఇంకో బస్సు, దానికి అడ్డం లేని లేన్. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు బయట విల్లాలు, అపార్ట్‌మెంట్లు చెల్లాచెదురుగా లేచిన చోట, వాటిలో ఇంటిపనికి రోజూ రెండు బండ్లు మారి వచ్చే ఆడవాళ్ల కోసం ఇది మొదలుపెట్టదగింది. యాప్ ఒక్కటే పెడితే వాళ్లలో చాలామంది ఎక్కలేరు; ఫోన్ నంబరు ఉండాలి, అటువైపు తెలుగులో మాట్లాడే మనిషి ఉండాలి.

ఏ ఊరైనా ఇలాంటిది మొదలుపెట్టే రోజున ఒక్క నియమం ఒప్పందంలో రాయించుకోవాలని నా విన్నపం. ఎక్కినవాళ్ల సంఖ్యను ప్రతి కంపెనీ గొప్పగా ప్రకటిస్తుంది. అడిగి బండి దొరకనివాళ్ల సంఖ్యను ఏ పేటలో, ఏ గంటలో అన్న వివరంతో సహా ప్రతి నెలా బయటపెట్టాలి, ఆ లెక్క కంపెనీ సర్వర్లో కాకుండా నగరపాలక సంస్థ చేతిలో ఉండాలి. మీ కార్పొరేటరు కొత్త సర్వీసుకు పచ్చజెండా ఊపడానికి వచ్చినప్పుడు ముందు ఆ సంఖ్య అడగండి.